ఎవరూ పట్టుకోని పిల్ల

మొవ్వ,
ఏప్రిల్ 27.

సింధూరికి, మీ అత్తయ్య రాస్తున్నది.

పిల్ల బాగుంది. ఆ ముక్క ముందు రాయకపోతే నువ్వు మిగతాది చదవవు. కాబట్టి క్షేమ సమాచారాలన్నీ దాంతోనే సరిపెట్టుకో.

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని మీ మావయ్య నవ్వుతున్నారు. నా చెవుల సంగతి నీకు తెలియనిది కాదు. ఫోనులో నువ్వు అరవాలి, "ఆఁ, ఏంటీ" అని నేను అరవాలి. మన కేకలకి పిల్ల గుండె గురించి వీధి వీధంతా తెలుసుకుంటుంది. అందరికంటే ముందు పిల్లే వింటుంది. పోనీ వాట్సాపులో రాద్దామంటే ఇంట్లో ఫోను ఎప్పుడూ అక్షయ చేతిలోనే ఉంటోంది. ఒకటో తరగతి అయిందో లేదో, అక్షరం కనపడితే చాలు, కూడబలుక్కుని చదివేస్తోంది. అందుకని పోస్టాఫీసు నుంచి ఇన్‌లాండు కవర్లు తెప్పించాను. ఇవి నువ్వొక్కదానివే చదువుకో. నువ్వూ నాకు అలాగే రాయి.

నువ్వు సంచిలో పెట్టిన కాగితంలో ఉన్నట్టే అన్నీ జరుగుతున్నాయి. మాత్రలు వేళకి వేస్తున్నాను. ఎండలోకి వదలడం లేదు. నీళ్ళు తాగమని గ్లాసు పట్టుకుని వెంట తిరుగుతున్నాను. ఆయాసం వస్తే ఎక్కడున్నది అక్కడే మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని కూర్చుంటోంది. పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టవుతాయి. కాసేపటికి మామూలై లేస్తోంది. నువ్వు చెప్పినట్టే భయపడకుండా చూస్తున్నాను. భయపడకుండా అన్నది అబద్ధం, చూస్తున్నాను అన్నది నిజం.

సాయంత్రం చల్లబడ్డాక వీధిలో పిల్లలంతా చేరతారు. మన పెద్దాడి కొడుకు సాత్విక్ వాళ్ళందరికీ పెద్ద. మొన్న పంటలు వేసుకుని, దొంగ ఎవరో తేల్చుకుని, ఆట మొదలుపెట్టబోతూ వాడు అక్షయకి వినపడకుండా ఓ ప్రకటన చేశాడట: "అక్షయ ఆటలో అరటిపండు." అంటే అది పరిగెత్తొచ్చు గానీ దాన్ని ఎవరూ పట్టుకోకూడదు, అది దొంగ కాదు. వాడికి ఇంత బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆశ్చర్యపోయాను. మా వంశంలో ఆ జాడలు లేవు.

ఒక్క సంగతి అడుగుతాను. నెలల పిల్లప్పుడు గుండె దగ్గర వేసిన ఆ చిన్న గొట్టంతో ఆరేళ్ళు నెట్టుకొచ్చాం. గుండెలో చిల్లు మూసి, ఊపిరితిత్తులకి రక్తం వెళ్ళే దారి వెడల్పు చేసే పెద్ద ఆపరేషను ఒకటి మిగిలి ఉంది కదా. మార్చిలో డాక్టరుకి చూపించారట. ఏమన్నారు? నానీని అడిగితే "చూద్దాం అమ్మా" అన్నాడు. నా కొడుకు నోట్లోంచి మాట ఊడిపడాలంటే దేవుడు దిగి రావాలి. అందుకని నిన్ను అడుగుతున్నాను.

కాగితం అయిపోయింది.

మీ అత్తయ్య, రావమ్మ

*

విజయవాడ వన్ టౌన్,
మే 3.

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ ఉత్తరం కొట్లో మీ అబ్బాయి చేతికి అందితే, ఆయన విప్పకుండానే పైకి తెచ్చి ఇచ్చారు. ఇప్పటికి నాలుగుసార్లు చదివాను. అక్షయ లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు. పొద్దున్నే కింద తోపుడుబళ్ళ చప్పుడు మొదలవగానే నిద్రలేచి, పక్కన తడిమి చూసుకుంటున్నాను. మా మూడంతస్తుల మెట్లూ చేతులూపుకుంటూ ఎక్కుతుంటే ఏదో మర్చిపోయి వచ్చినట్టుంటోంది. ఆరేళ్ళూ దాన్ని ఎత్తుకునే ఎక్కాను కదా.

డాక్టరుగారు తొందరేమీ లేదన్నారు అత్తయ్యా. పిల్ల ఇంకాస్త ఎదిగితే మంచిదన్నారు. ఆ సంగతి మేం చూసుకుంటాం. మీరు మనసులో పెట్టుకోవద్దు.

సాత్విక్ బుద్ధి గురించి ఆశ్చర్యపోయారు కదూ. వాడికి ఫోన్ చేసి చెప్పింది నేనే. ఇక్కడ మా సందులో కూడా అలాగే చేశాను. ఎదురింటి శాంభవికి తొమ్మిదేళ్ళుంటాయి. సందులో పిల్లలందరికీ తనే నాయకురాలు. దాన్నీ తక్కిన పిల్లల్నీ పిలిచి, తలో చాక్లెట్టూ పెట్టి, "మా అక్షయ మీతో ఆడుతుంది, కానీ మీరు దాన్ని పట్టుకోకూడదు, దానికి తెలియనివ్వకూడదు" అని ఒట్టు వేయించుకున్నాను. బడిలో టీచరు చేత కూడా చెప్పించాను. బంగారం లాంటి పిల్లలు, ఒక్కరూ మాట తప్పలేదు. ఆదివారం గోడౌన్లన్నీ మూసి సందు ఖాళీగా ఉన్నప్పుడు అది వాళ్ళతో కలిసి పరిగెడుతుంటే, కిటికీలోంచి చూస్తూ నా కడుపు నిండిపోతుంది. ఎవరికీ దొరకనని దానికెంత గర్వమో. "అమ్మా, నేనే ఫస్టు" అంటుంది.

రాత్రిపూట దాని తల కింద రెండు దిండ్లు పెట్టడం మరచిపోకండి. మావయ్యగారికి నమస్కారాలు.

ఇట్లు,
సింధూరి

*

మొవ్వ,
మే 11.

సింధూరీ,

నీ ఉత్తరం అందింది. పిల్ల బాగుంది. నిన్న ఒళ్ళు కాస్త నలతగా ఉంటే పడుకోబెట్టాను. ఇవాళ తేలికపడింది. ఆదివారం మీ మావయ్య బస్సులో తీసుకొచ్చి దింపుతారు.

నీకొకటి చెప్పాలి. చెప్పకూడదనే అనుకున్నాను గానీ నాలో ఇమడడం లేదు.

అక్షయకి నాతో మాట్లాడాలంటే ఓ పద్ధతి ఉంది. అందరిలా నా మొహాన అరవదు, అరిచే ఊపిరి దానికి లేదు. నా ఒళ్ళో కూర్చుని, కుడిచెవికి పెదాలు ఆనించి, మెల్లగా ఒక్కో మాటా చెబుతుంది. ఇంట్లో అందరి కేకలకంటే ఆ గుసగుసే నాకు బాగా వినపడుతుంది. వినలేని ముసలిదానికీ అరవలేని పిల్లకీ బాగా కుదిరిందని మీ మావయ్య అంటుంటారు.

మొన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని వాళ్ళ ఆట చూస్తున్నాను. సాత్విక్ దొంగ. అక్షయ పరిగెత్తడం మానేసింది. వెళ్ళి వాడికి ఎదురుగా, దారికి అడ్డంగా, చేతులు చాచి నిలబడింది. వాడు దాని దాకా వచ్చి, పక్కకి తప్పుకుని, చుట్టూ తిరిగి వెళ్ళిపోయి ఇంకొకణ్ణి పట్టుకున్నాడు. ఇది మళ్ళీ వెళ్ళి మళ్ళీ నిలబడింది. వాడు మళ్ళీ చుట్టూ తిరిగి వెళ్ళిపోయాడు.

వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. చెవిలో ఏమన్నదో తెలుసా? "నానమ్మా, నన్నెవరూ పట్టుకోటంలా. ఇక్కడా పట్టుకోటంలా, మా సందులోనూ పట్టుకోటంలా. నేను వాళ్ళకి కనపడనా?"

ఏదో కథ చెప్పి మాట మార్చాను. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

నీ చాక్లెట్లలో తప్పుందని అనను. నేనైనా అదే చేసేదాన్ని. కానీ ఫస్టు వస్తున్నానని అది మురిసిపోతోందని రాశావే, ఆ గర్వం ఎప్పుడో పోయింది. అది నీకు చెప్పలేదు, అంతే.

రావమ్మ

*

విజయవాడ వన్ టౌన్,
మే 19.

అత్తయ్యగారికి,

అక్షయ వచ్చింది. మావయ్యగారు మజ్జిగైనా తాగకుండా, తిరుగు బస్సుకి వేళైందని వెళ్ళిపోయారు. ఎందుకంత తొందరపడ్డారో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

నిన్న స్నానం చేయిస్తుంటే అది తనంతట తనే అన్నది: "మొవ్వలో ముక్కుకి పెట్టిన గొట్టం వాసనొచ్చిందమ్మా." ఏం గొట్టమని అడిగితే నాలిక కరుచుకుంది. బుజ్జగిస్తే కొంతా భయపెడితే కొంతా చెప్పింది. తనని నిజంగా పట్టుకోమని సాత్విక్‌కి మీరే చెప్పారట. అది పరిగెత్తిందట. వాడు పట్టుకునే లోపలే పడిపోయిందట. ఒళ్ళంతా నీలం తిరిగితే మీరు మోకాళ్ళు గుండెలకి అదిమి పట్టుకుని ఆటోలో ఊళ్ళో ఆస్పత్రికి తీసుకెళ్ళారట. ఆక్సిజన్ పెట్టారట.

మీరు నాకు రాసింది "ఒళ్ళు కాస్త నలతగా ఉంది" అని.

అత్తయ్యా, నేను మీ మాటకి ఎప్పుడూ ఎదురు చెప్పినదాన్ని కాదు. ఇవాళ చెబుతున్నాను. దాన్ని పట్టుకోమనడానికి మీకు మనసెలా ఒప్పింది? ఆరేళ్ళు నేను ఒక్క మెట్టు కూడా ఎక్కనివ్వకుండా కాపాడుకున్న పిల్లని, ఒక్క సాయంత్రం ఆటకి బలి పెట్టేవారే. పైగా నాకు చెప్పకుండా దాచారు. నేను తల్లిని. నాకు తెలియాలి కదా.

ఇక సెలవులకి దాన్ని ఎక్కడికీ పంపను. మీరు తప్పుగా అనుకున్నా సరే.

సింధూరి

*

మొవ్వ,
మే 25.

సింధూరీ,

కోప్పడ్డావు, బాగానే ఉంది. నువ్వు రాసింది అక్షరం పొల్లుపోకుండా నిజం. ఆ ఒక్కసారి దాన్ని పట్టుకుంటే దాని మనసు కుదుటపడుతుందనుకున్నాను. నాలుగడుగులు వేసేలోపే పట్టేయరా అని వాడికి చెప్పాను. వాడు వెళ్ళేసరికే అది ఎగిరింది. అంత వేగం ఆ పిల్లలో ఎక్కడ దాగుందో నాకు తెలియదు. పాలేరు రత్తయ్య ఆటో తెచ్చేదాకా నా చేతుల్లో అది ఎలా ఉందో రాయలేను. ఆ తిట్లు నావే, తింటాను.

కానీ, తల్లిని, నాకు తెలియాలి కదా అన్నావు. నేను ఆ ఇంటి పెద్దదాన్ని, నాకూ తెలియాలి కదా.

పిల్లని దింపిన రోజు మీ మావయ్యని బస్టాండులో దింపడానికి నాని వచ్చాడు. బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు, ఎన్నడూ లేనిది వాడి నోరు పెగిలిందట. డాక్టరుగారు తొందరేమీ లేదని అనలేదట. ఈ వేసవి దాటనివ్వొద్దు, పిల్ల ఎదిగేకొద్దీ ఆ చిన్న గొట్టం చాలదు, జూన్ మొదటివారంలో రమ్మన్నారట. నువ్వు ఫోన్ చేసి పిల్లకి జలుబు చేసిందని ఆ తేదీ రద్దు చేశావట. పోయిన దసరా తర్వాత కూడా ఒక తేదీ ఇస్తే అప్పుడూ జలుబేనట. వాడు ఏమన్నా అంటే నువ్వు రెండు రోజులు అన్నం మానేస్తావని వాడు నోరు మూసుకున్నాడట. చెబుతూ చెబుతూ బస్టాండులో అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నాడట నా కొడుకు.

మొవ్వలో జరిగింది నా తప్పు వల్లే జరిగింది. ఈసారి ఎవరూ పరిగెత్తించకుండా, మంచం మీద కూర్చుని ఉండగా అదే జరిగితే ఎవరిని తిడతావు?

జలుబు తగ్గిందా?

రావమ్మ

*

విజయవాడ వన్ టౌన్,
జూన్ 28.

అత్తయ్యగారికి,

నెల దాటింది, జవాబు రాయలేదు. మొదట కోపం వల్ల రాయలేదు. ఆ తర్వాత సిగ్గు వల్ల. ఇప్పుడు రాయకపోతే ఎప్పటికీ రాయలేనని కూర్చున్నాను. అది బడికి వెళ్ళింది. మీ అబ్బాయి కొట్లో ఉన్నారు. కింద లారీలో గాజుల పెట్టెలు దించుతున్నారు. నేను తలుపు వేసుకుని రాస్తున్నాను.

జలుబు లేదు అత్తయ్యా. రెండుసార్లూ లేదు.

నూటికి తొంభై అయిదు మందికి బాగైపోతుందని డాక్టరుగారు చెప్పారు. ఎంతో ఓపికగా బొమ్మ గీసి చూపించారు. మీ అబ్బాయి ఆ తొంభై అయిదూ విన్నారు. నేను మిగిలిన అయిదూ విన్నాను. ఆ అయిదుగురి తల్లులూ ఇదే కుర్చీలో కూర్చుని ఇదే మాట విని ఉంటారు కదా, ఇదే కాగితం మీద సంతకం పెట్టి ఉంటారు కదా అనిపించింది. ఆ తర్వాత ఆయన చెప్పినదేదీ నా చెవికెక్కలేదు.

ఇప్పుడది నవ్వుతోంది, అన్నం తింటోంది, రాత్రి నా మీద కాలు వేసుకుని పడుకుంటోంది. దాని ఊపిరి వింటూ నేను పడుకుంటున్నాను. నా చేతుల్తో తీసుకెళ్ళి ఆ తలుపు లోపలికి పంపేస్తే, ఈ కాస్తా పోతే? పంపింది నేనే అవుతాను కదా. తనంతట తాను ఏదైనా జరిగితే అది దాని రాత అనుకోవచ్చు. నేను సంతకం పెట్టాక జరిగితే ఏమనుకోవాలి? ఇంత పాపపు ఆలోచన తల్లికి రావచ్చా అని మీరనుకుంటారు. వచ్చింది. ఇంకెవరికీ చెప్పలేదు.

పోయిన వారం నుంచి దాని గోళ్ళు మరీ నల్లబడుతున్నాయి. మెట్లు నేను ఎత్తుకుని ఎక్కినా సరే, పైకి వచ్చాక ఆయాసపడుతోంది. ఆపరేషను చేయించాలని నాకు తెలుసు. తెలిసీ ఫోను తీసి, నంబరు చూసి, మళ్ళీ పెట్టేస్తున్నాను.

మిమ్మల్ని అన్న మాటలకి క్షమించండి.

సింధూరి

*

మొవ్వ,
జూలై 5.

అమ్మా సింధూరీ,

నీ ఉత్తరం దేవుడి పటం వెనక పెట్టాను, మీ మావయ్యకి కూడా చూపించలేదు. పాపపు ఆలోచన కాదమ్మా అది. పిల్లని కన్నవాళ్ళకి వచ్చే ఆలోచనే. ఆ రోజు ఆటోలో నేనూ నాకోసమే ఏడ్చాను. దీనికేమైనా అయితే సింధూరికి నా మొహం ఎలా చూపించాలి అని. చావుబతుకుల్లో ఉన్న పిల్లని ఒళ్ళో పెట్టుకుని నా మొహం సంగతి ఆలోచించాను చూశావా. కాబట్టి నువ్వు నా దగ్గర సిగ్గుపడనక్కర్లేదు.

అయితే నేను నీకు పూర్తిగా రాయని మాట ఇంకొకటి ఉంది. ఊళ్ళో ఆస్పత్రిలో ఆక్సిజన్ తీసేశాక పిల్ల కళ్ళు తెరిచింది. నా మెడ పట్టుకుని వంచి, చెవిలో మొట్టమొదట అన్న మాట ఇది: "అమ్మకి చెప్పమాకు నానమ్మా. అమ్మ బాధపడిద్ది. నేను ఆడేటప్పుడు కూడా అమ్మ కిటికీలో ఏడుస్తా ఉంటది. నేను చూడనట్టు ఉంటా."

అందుకే నీకు నలత అని రాశాను. ఆరేళ్ళ పిల్లకి మాటిచ్చాను మరి.

అప్పటినుంచీ ఒకటే ఆలోచిస్తున్నాను. నువ్వు చాక్లెట్లు పంచి సందులో పిల్లలందరి చేతా దాన్ని ఆటలో అరటిపండుని చేశావు. ఇక్కడ మేమంతా కలిసి నిన్ను అదే చేశాం. నాని నీ ముందు నోరు విప్పడు. నేను నలత అని రాస్తాను. మీ మావయ్య మజ్జిగ తాగకుండా పారిపోయి వస్తారు. చివరికి ఆ పసిది కూడా, నిజం నీకు తగలకుండా నీ చుట్టూ తిరిగి వెళ్ళిపోతోంది. నీ మీద ప్రేమతోనే. కానీ అలా చుట్టూ తిరిగిపోతుంటే ఎలా ఉంటుందో నీ కూతురు నా చెవిలో చెప్పింది కదా.

అందుకని నేను ఇక తిరిగిపోను. సూటిగా రాస్తున్నాను. పిల్లకి టైము అయిపోతోంది. ఆ సంతకం నువ్వు పెట్టలేకపోతే నాని పెడతాడు, వాడి చెయ్యి నేను పట్టుకుంటాను. ఏది జరిగినా అది నువ్వు ఒక్కదానివే పంపినట్టు కాదు, అందరం పంపినట్టు. తేదీ తీసుకుని రాయి, నేను వస్తాను.

ఊడ్పులని మీ మావయ్య గొణుగుతున్నారు. గొణగనీ.

మీ అత్తయ్య

*

విజయవాడ వన్ టౌన్,
జూలై 13.

అత్తయ్యా,

మీ ఉత్తరం చదివి మనసులో మీతో పోట్లాడుతూనే ఉన్నాను. తర్వాత మీతో పోట్లాడటానికి మాటలు అయిపోయాయి.

నిన్న అక్షయని పక్కన కూర్చోబెట్టుకుని నేనే అంతా చెప్పాను. గుండెలో ఏముందో, ఏం బాగుచేస్తారో, నొప్పి ఉంటుందని కూడా చెప్పాను. అది విన్నది. "అయ్యాక నన్ను పట్టుకుంటారా?" అని ఒకే ఒక్క ప్రశ్న వేసింది. పట్టుకుంటారని చెప్పాను. చెప్పేశాను కాబట్టి ఇక వెనక్కి వెళ్ళలేను.

ఆగస్టు రెండో వారంలో తేదీ ఇచ్చారు. సంతకం నేనే పెడతాను. మీరు నా చెయ్యి పట్టుకోండి, చాలు. రండి.

సింధూరి

*

విజయవాడ వన్ టౌన్,
సెప్టెంబరు 14.

అత్తయ్యా,

మీరు వెళ్ళి వారమైంది. వెళ్ళేటప్పుడు పిల్ల గురించి రోజూ రాయమన్నారు. రోజూ రాయడానికి ఏమీ లేనంత బాగుంది అది. కుట్టు మానింది. రెండు చేతులూ పట్టుకుని లేపకూడదు, బరువులు మోయకూడదు, ఇంకా కొన్నాళ్ళు పరిగెత్తకూడదు. ఇవి తప్ప వేరే ఆంక్షలు లేవు. గోళ్ళు చూసుకుని చూసుకుని మురిసిపోతోంది. "అమ్మా, నాకూ నీలాంటి గోళ్ళొచ్చినయ్" అంటోంది.

మీరున్నన్నాళ్ళూ ఆపరేషను రోజు మాట ఎత్తలేదు నేను. ఎత్తితే ఇద్దరం ఏడుస్తామని. ఇప్పుడు మీరు దూరంగా ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

ఆ హాల్లో కూర్చున్నంతసేపూ మీరు నా చెయ్యి వదల్లేదు. మైకులో ఎవరెవరి పేర్లో పిలుస్తుంటే మేం ప్రతిసారీ ఉలిక్కిపడి తలెత్తేవాళ్ళం. మీకేమీ వినపడేది కాదు. మీరు ఆ తలుపునీ మా మొహాల్నీ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నారు. డాక్టరుగారు బయటికొచ్చి "అయిపోయిందమ్మా, బాగా జరిగింది" అనగానే నేను బావురుమన్నాను. ఆ మాట మీకు వినపడలేదు. నా ఏడుపు మాత్రమే కనపడింది. మీరు అక్కడే నేల మీద కూలబడిపోయారు. నేను ఏడుస్తూనే మీ చెయ్యి ఊపుతున్నాను. మీ అబ్బాయి మీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మీ రెండు చెంపలూ పట్టుకుని, తలకాయ పైకీ కిందకీ ఊపి ఊపి చూపించారు. అప్పుడు మీరు నన్ను కొట్టారు, గుర్తుందా? భుజం మీద గట్టిగా. "అట్టా ఏడుస్తారటే ఎవరన్నా, చచ్చిపోయాను కదే" అని హాలంతా వినపడేలా అరిచారు. చుట్టూ ఉన్న వాళ్ళంతా ఏడుస్తూ నవ్వారు.

మా అమ్మ నన్ను ఎప్పుడూ కొట్టలేదు. మీరు కొట్టిన ఆ దెబ్బ నాకు చాలా ఇష్టం.

సింధూరి

*

మొవ్వ,
అక్టోబరు 20.

సింధూరీ,

అంతమందున్న హాల్లో అందరికీ చెవులుండి, నాకొక్కదానికే లేకపోతే ఏం చేయమంటావు? దెబ్బ గట్టిగా తగిలిందా? తగిలితే మంచిదే.

వినికిడి మిషను పెట్టించుకోమని నాని మళ్ళీ పోరుతున్నాడు. పెట్టించుకుంటానని చెప్పు. ఇప్పుడు పిల్ల కేకలు వినాలని ఉంది.

సరే, నేను అడిగేది వేరు. పరుగులకి డాక్టరుగారు ఒప్పుకున్నారని మొన్నటి ఉత్తరంలో రాశావు, కానీ ఇంకా మధ్యమధ్యలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటోందని కూడా రాశావు. ఆయాసం వల్లా, అలవాటు వల్లా? డాక్టరుగారు అలవాటే అన్నారని నాని చెప్పాడు. మరి మెట్లో? ఇంకా ఎత్తుకునే ఎక్కుతున్నావా? అది ఎవరి అలవాటు?

సందులో పిల్లలకి చెప్పావా? నువ్వు వేయించిన ఒట్టు నువ్వే తీయాలి. వాళ్ళంతట వాళ్ళు తీయరు, బంగారం లాంటి పిల్లలన్నావుగా.

రావమ్మ

*

విజయవాడ వన్ టౌన్,
నవంబరు 17.

అత్తయ్యా,

మీ ఉత్తరం వచ్చాక కూడా మూడు ఆదివారాలు దాటేశాను. ఇవాళ నాలుగోది. కార్తీకమాసం కదా, సగం పిల్లలు వనభోజనాలకి వెళ్ళి ఉంటారు, వచ్చే వారం చెప్పొచ్చులే అనుకున్నాను. కిటికీలోంచి చూస్తే ఒక్కరూ వెళ్ళలేదు. అందరూ సందులోనే ఉన్నారు.

కిందికి దిగాను. అక్షయ నా చెయ్యి వదిలించుకుని, మెట్లు తనే దిగింది. ఈసారి చాక్లెట్లు తీసుకెళ్ళలేదు. శాంభవిని పిలిచి, "ఇక అక్షయ అరటిపండు కాదమ్మా. దాన్ని పట్టుకోండి" అన్నాను. అది నన్ను ఎగాదిగా చూసింది. "పడిపోతే ఆంటీ?" అంది. పడితే లేస్తుందని చెప్పాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. వెంటనే మేడెక్కేశాను. అక్కడే నిలబడితే నా మాట నేనే వెనక్కి తీసుకుంటానని భయం వేసింది.

పంటలు వేసుకున్నారు. శాంభవే దొంగ. మొదట్లో పాత అలవాటు కొద్దీ దీని దగ్గరకొచ్చేసరికి అడుగు నెమ్మదించింది. ఇది వెనక్కి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, "సరిగ్గా పరిగెత్తవే" అంది. శాంభవికి రోషం వచ్చింది. ఇక నిజంగా పరిగెత్తింది.

అత్తయ్యా, ఆ రోజు మొవ్వలో ఎగిరిందని రాశారే, అది నేను ఇవాళ చూశాను. రెండు జడలూ గాల్లో లేచాయి. తోపుడుబండి చుట్టూ తిరిగి, గోడౌను షట్టరు వైపు ఉరికింది. సగం దారిలో ఆగి వంగింది. కూర్చుంటోందనుకున్నాను. కూర్చోలేదు. జారిపోతున్న చెప్పు ఎక్కించుకుని మళ్ళీ పరిగెత్తింది. ఆ చెప్పు వల్లే దొరికిపోయింది. షట్టరు దగ్గర శాంభవి దాని వీపు మీద చరిచి "అవుట్" అని అరిచింది.

అక్షయ అలాగే నిలబడిపోయింది. మొహం ఎర్రగా, పెదాలు ఎర్రగా. పట్టుకున్నారన్న సంగతి దానికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. నేనిక్కడ ఏడవడం లేదు, నిజం. అది తలెత్తి నేరుగా నా కిటికీ వైపు చూసింది. ఈసారి చూడనట్టు ఊరుకోలేదు. రెండు చేతులూ పైకెత్తి, సందు మారుమోగేలా అరిచింది: "అమ్మా, నేను దొంగ. నన్ను పట్టుకున్నారు. నేను దొంగ."

మూడో అంతస్తుకి వినపడింది. ఆ కేక మీ చెవులకి కూడా అంది ఉండాలి.

మన పిల్ల దొంగయింది అత్తయ్యా.

సింధూరి

*

మొవ్వ,
నవంబరు 22.

సింధూరీ,

ఉత్తరం మీ మావయ్య చేత పైకి చదివించుకున్నాను, కొత్త మిషను పెట్టుకుని మరీ. ఆయన మధ్యలో ఆగిపోతే కాగితం లాక్కుని మిగతాది నేనే చదివాను. ఈసారి వస్తే వదిలేది లేదని అక్షయకి చెప్పమన్నాడు సాత్విక్.

ఇంతా రాసి అసలు సంగతి రాయలేదేమిటి నువ్వు? దొంగయ్యాక అది ఎవర్ని పట్టుకుంది?

మీ అత్తయ్య